స్కేల్ గుంటలో మొసలి

మార్చి నెల రెండో ఆదివారం, సాయంత్రం. చోటు: హిందీ ప్రాంతంలోని ఫ్యాక్టరీల ఊరు ఆదిత్యపూర్‌లో సింహాచలం ఇంటి వరండా. హాజరైనవారు: నేను, ఇనుము సాగదీసే రోలింగ్ మిల్లులో సేఫ్టీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. సింహాచలం, అదే మిల్లులో క్రేన్ ఆపరేటరు, ఇప్పుడు అతనూ రిటైరే. అతని భార్య నూకాలమ్మ, పకోడీలు వేస్తూ లోపలికీ బయటికీ తిరిగినందువల్ల సగం హాజరు. మా తమ్ముడి మనవరాలు స్నేహ, పక్క ఊరు గమ్హరియాలో ఒక కంపెనీలో సేఫ్టీ ట్రైనీగా ఈమధ్యనే చేరింది. వీళ్లు గాక ఒక రేకుపెట్టె, దాన్నిండా పాత సాహస నవలలు.

హాజరు వేసుకుని మొదలుపెట్టడం నాకు ఉద్యోగం అంటించిన జబ్బు. డైరీలో పెళ్లిళ్ల గురించి కూడా ఇలాగే రాసుకున్నాను.

స్నేహకి తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది, చదవడం రాదు. పెట్టెలోంచి ఒక నవల తీసి అట్ట చూస్తోంది. అట్ట మీద తెగిన తాళ్ల వంతెన. దాన్ని ఒంటిచేత్తో పట్టుకుని సూటూ టైతో వేలాడుతున్న మనిషి. కింద నీళ్లలో నోరు తెరిచిన మొసలి. ఒడ్డున చీర కట్టుకుని లాంతరు ఎత్తి పట్టుకున్న ఆడమనిషి.

ఆ నవల నేను వారం క్రితం తీసుకెళ్లి మొదటిసారి నా కళ్లతో చదివాను. అంతకుముందు సింహాచలం నోటనే విన్నాను. చదివాక ఆదివారందాకా ఆగడం కష్టమైంది.

"సింహాచలం, ఇందులో మొసలేదోయ్?"

"అట్ట మీద ఉన్నాది గదా బాబూ."

"లోపల లేదు. నదే లేదు. కథంతా ఒక బ్యాంకులోనూ రైల్లోనూ జరిగింది. నువ్వు మిల్లులో చదివినప్పుడు మొసలి వచ్చింది. హీరో కాలు కూడా పట్టుకుంది."

"ఆల్లు ఒప్పుకోరు గదా! అట్ట సూసి కూకున్నోల్లు. మొసలేదీ, మొసలేదీ అని నా పేనాలు తీసీసినారు. ఏటి సెయ్యమంతావు? ఎట్టీసినాను."

"మరి బ్యాంకు?"

"బేంకు ఎవుడిక్కావాల బాబూ?"

లోపలినుంచి నూకాలమ్మ, "పకోడీలు సల్లారిపోతన్నాయి. మొసలి ఎక్కడికీ పోదు, ముందు తినండి" అంది.

స్నేహ నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని నన్నడిగింది: "తాతా, ట్రైనింగ్‌మే తో సబ్ స్లైడ్స్ దిఖాతే హై. అసల్‌మే కర్నా క్యా హోతా హై?" స్లైడ్లు చూపిస్తున్నారు సరే, అసలు చెయ్యాల్సిందేమిటి అని. అప్పుడు సరైన జవాబు తోచలేదు. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను, స్నేహకి చదివి వినిపించడానికి.

ఉద్యోగం సంగతి

సేఫ్టీ ఇన్‌స్పెక్టరంటే ఫ్యాక్టరీలో ఎవరికీ అక్కర్లేని మనిషి. కార్మికులకి మేనేజరు తాలూకు మనిషి, మేనేజరుకి పని ఆపించే మనిషి. బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే, ఈయనకి జీతమెందుకని అడుగుతారు. ఇది ముందే తెలిసి చేరితే మంచిది.

రోజూ షిఫ్టు మొదట్లో జనాన్ని నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాలి. నిలబడి నిద్రపోవడం గుర్రాలకే వచ్చనుకునేవాణ్ణి, నా ఉపన్యాసాలు మొదలయ్యేదాకా. అదే జనం మధ్యాహ్నం సింహాచలం నవల చదువుతుంటే ముద్ద నోటి దగ్గర ఆపి వినేవారు.

అవి ఫోన్లు జేబుల్లోకి రాని రోజులు. భోజనాల వేళ క్యాంటీన్ వెనక రేకుల షెడ్డులో చదువు. వినేవాళ్లలో ఎక్కువమందివి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. ఇక్కడే పుట్టి హిందీ బడుల్లో చదువుకున్నవాళ్లు. ఇంట్లో తెలుగే గానీ అక్షరాలు రావు. కాబట్టి నవల చెవికి, అట్ట కంటికి. కొత్త నవల మొదలుపెట్టే రోజున ముందు పుస్తకం అందరి చేతులూ తిరగాలి. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఒక్కొక్కడూ అట్టని తనివితీరా చూసి పక్కవాడికిచ్చేవాడు. అట్ట మీదున్నది కథలో వచ్చి తీరాలి. రాకపోతే సింహాచలాన్ని క్రేన్ ఎక్కనిచ్చేవారు కాదు.

ఆ బొమ్మలు వేసినవాళ్లు నవల చదివి వేసి ఉండరని నా అనుమానం. చదివి ఉంటే బ్యాంకు వేసేవారు, నవల అమ్ముడుపోయేది కాదు.

అట్టల తనిఖీ

ఆ ఆదివారం పెట్టెలోని అట్టలన్నీ వరసగా పరిచి, స్నేహకి పాఠంగా పనికొస్తుందని తనిఖీ చేశాం.

ఒకదాని మీద హీరో కదులుతున్న రైలు పైన పరిగెడుతున్నాడు. నెత్తిన హెల్మెట్ లేదు, మెడలో టై ఉంది. తిరిగే యంత్రాల దగ్గర టై నిషిద్ధం. ఇంకోదాని మీద విలన్ డైనమైట్ పెట్టె మీద కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. పెట్టె మీద డైనమైట్ అని ఎర్రటి అక్షరాలతో రాసే ఉంది. మరోదాని మీద హెలికాప్టర్ తాడుకి ఒక అమ్మాయి వేలాడుతోంది. తాడు పురులు విడిపోతున్నాయి. దాన్ని పరీక్షించి సంతకం చేసిందెవరో కనుక్కోవాలి. ఆక్టోపస్‌తో కుస్తీ పడుతున్నతను సముద్రం అడుగునున్నా క్రాఫు చెదరలేదు.

నవ్వుకున్నాం. కానీ ఇన్నేళ్ల తర్వాత తీరిగ్గా చూస్తే ఒక సంగతి పట్టుబడింది. ఆ బొమ్మల్లో దెబ్బ తగిలిన మనిషి ఎక్కడా లేడు. తగలబోతున్న మనిషే ఉన్నాడు. మొసలి నోరు తెరిచింది గానీ మూయలేదు. తాడు తెగుతోంది, ఇంకా తెగలేదు. మన సేఫ్టీ పోస్టర్లు చూడండి: కట్టు కట్టిన చెయ్యి, ఊతకర్రలు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న భార్య. అంతా అయిపోయాక సంగతి. అయిపోయినదాని దగ్గర ఎవడాగుతాడు? దాటుకుని వెళ్లిపోతాడు. అట్టలు గీసినవాళ్లకి ఇది తెలుసు. మన శాఖకి ఈనాటికీ తెలియదు.

పైపు మీద నడక

మిల్లు నుంచి క్యాంటీన్‌కి వెళ్లాలంటే ఫర్నేసు చుట్టూ తిరిగి పోవాలి. అడ్డదారి స్కేల్ పిట్ మీదుగా. ఎర్రగా కాలిన ఇనుము మీద నీళ్లు కొడితే పైన పొట్టు రాలుతుంది. ఆ పొట్టూ నీళ్లూ కలిసి వచ్చి పడే పెద్ద గుంట అది. నీళ్లు నల్లగా, వేడిగా ఉంటాయి. అడుగు కనిపించదు. పడ్డవాణ్ణి వెతకడం మాట అటుంచి, పడ్డాడని తెలియడమే కష్టం.

గుంట మీద ఇనప పలకలు ఉండేవి. పంపు బాగు చెయ్యడానికని తీశారు. పంపు బాగయింది, పలకలు తిరిగి రాలేదు. చుట్టూ కంచె వెయ్యమని రాశాను. పలకలు వస్తున్నాయి, కంచె దండగ అన్నారు. పలకలు ఏవని రాశాను. కంచె అడిగారు కదా, ఇంక పలకలెందుకు అన్నారు. ఈ ఉత్తరాలు చాలాకాలం నడిచాయి. ఈలోగా జనం గుంటకి అడ్డంగా పోయే తొడలావు నీళ్ల పైపు మీద నడిచి క్యాంటీన్‌కి పోవడం మొదలుపెట్టారు. నోటీసు అంటించాను. పుర్రె బొమ్మ పెట్టాను. పుర్రెకి ఎవరో మీసాలు గీశారు.

వాళ్లలో మొదటివాడు అప్పన్న, రోలింగ్ స్టాండు దగ్గర హెల్పరు. ఒకరోజు పైపు మధ్యలో కాలు జారింది. పైపుని కావిలించుకుని బతికాడు గానీ ఒక కాలు మోకాలిదాకా వేడి నీళ్లలో మునిగింది. బూటు లోపలే ఉండిపోయింది. నేను ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని పరిగెత్తేసరికి అక్కడ లేడు. కుంటుకుంటూ షెడ్డుకి చేరి, సింహాచలం ఎదురుగా ముందు వరసలో కూర్చున్నాడు.

"ఒరే, కాలు బొబ్బలెక్కిందిరా!" అన్నాను.

"ఉండు బాబూ, ఇలన్ తలుపు తీత్తన్నాడు" అన్నాడు, నా వైపు చూడకుండా.

అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. అన్నాళ్లూ పైపు ఎక్కొద్దని రాశాను గానీ, అంత తొందరగా వీళ్లు ఎక్కడికి పోతున్నారని అడగలేదు. వెనక వరసకి మిల్లు మోతలో కథ వినిపించదు. ముందు వరసలో చోటు కోసం పైపు ఎక్కుతున్నారు. స్నేహా, ఇది రాసుకో. మనుషులు అడ్డదారి తొక్కుతుంటే దారి చివర ఏముందో ముందు చూడాలి.

మేనేజరు మిశ్రాజీకి మాత్రం మందు వెంటనే తోచింది. "నవల బంద్," అన్నాడు. నేను వారం గడువు అడిగాను. ఇచ్చాడు. ఈ వారంలో ఇంకొక్కడు పైపు మీద కనిపిస్తే చదువు ఆగిపోతుంది, సింహాచలం ఎప్పటికీ రాత్రి షిఫ్టుకే పోతాడు అన్నాడు.

ఈ మాట చెప్పడానికి క్రేన్ దిగేదాకా ఆగి సింహాచలాన్ని కలిశాను. అతను ఎప్పుడూ జోకులేసే మనిషి. ఆ రోజు వెయ్యలేదు. "పొద్దల్లా ఆ పైన పెట్టిలో ఒక్కున్నే ఉంతాను బాబూ. కిందోలు సేతులూపితే సూడ్డం, అంతే. ఆ అరగంటే నాను మనుసుల్లో ఉండేది. అదీ తీసీత్తారేటి?"

పైడిరాజు బొమ్మ

పైడిరాజు ఆదిత్యపూర్‌లో లారీల వెనక నెమళ్లూ సూర్యోదయాలూ వేసే పెయింటరు. వంతెన మీద హీరో ఉన్న నవలని తీసుకెళ్లి చూపించాను. "ఇలాంటి బొమ్మ కావాలి. మనిషి పైపు మీంచి జారుతుండాలి. కింద నల్లటి నీళ్లు. అంతే," అన్నాను.

"కిందన మొసలి ఉండాల గదా?"

"అది ఫ్యాక్టరీ గుంటయ్యా. మొసలెందుకుంటుంది?"

"నీల్లకి ఎవుడు బయపడతాడు బాబూ? రోజూ తాగుతారు, తానం సేత్తారు. కిందన ఏదో ఒకటి నోరు తెరిసి ఉండాల."

సరే, నీ ఇష్టమని వచ్చేశాను. మర్నాడు వెళ్లేసరికి పెద్ద ఇనప రేకు మీద బొమ్మ సిద్ధం. పైపు పట్టుకుని వేలాడుతున్న మనిషికి మా మిల్లు నీలం చొక్కా వేశాడు. మొసలికి లారీ బంపరంత పళ్లు. ఒడ్డున ఎర్ర చీరలో ఆడమనిషి, చేతిలో లాంతరు.

"ఈవిడెవరు?"

"అట్ట మీద ఉన్నాది గదా. తీసీత్తే బొమ్మ సచ్చిపోద్ది."

రేకు మోయడానికి మనుషులు చాలక క్రేన్‌తో ఎత్తి గుంట పక్కన స్తంభానికి బిగించాం. ఫలితం తక్షణమే కనిపించింది. పైపు ఎక్కేవాళ్లు ఆగారు. మిల్లులో ఉన్న తతిమ్మా జనమంతా బొమ్మ చూడ్డానికి వచ్చి గుంట అంచున గుంపుగా నిలబడ్డారు. వెనకవాళ్లు ముందువాళ్లని తోస్తున్నారు. నా సర్వీసులో అంత ప్రమాదకరమైన దృశ్యం ఇంకోటి చూడలేదు. దాన్ని ఏర్పాటు చేసింది సేఫ్టీ శాఖ.

కథ లేదు

మధ్యాహ్నం షెడ్డులో అప్పన్న మొదలుపెట్టాడు. "గురువా, ఆ ఎర్ర సీర ఆవిడెవులు?"

"అది వేరే కత," అన్నాడు సింహాచలం.

"అయితే అదే సెప్పు. ఆ యేలాడతన్నోడు నానే. సొక్కా సూడు. నాను బతుకుతానా, నేదా?"

అందరూ అదే కావాలన్నారు. పుస్తకం లేదు. సింహాచలం నా వైపు ఒకసారి చూసి, చేతిలో ఉన్న నవల మూసేశాడు. "సెప్తాను. ఒక్క షరతు. ఎవుడైనా ఆ పైపెక్కినా, గుంట గట్టున నిలబడినా ఆ రోజు కత నేదు. ఒక్కుడెక్కినా అందరికీ నేదు."

ఆమె ఎవరో చెప్పడానికే రెండు మధ్యాహ్నాలు తీసుకున్నాడు. మొసలిని ఇంకా తీసుకురాలేదు, నీళ్లలో బుడగలు మాత్రం చూపించాడు. మూడోనాడు కొత్తగా చేరిన కుర్రాడెవరో తెలియక పైపు మీద కాలు పెట్టాడు. నలుగురు చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, "మర్ జాయేగా తో మర్, కహానీ క్యోఁ మార్తా హై?" అని తిట్టారు. నువ్వు చస్తే చావు, మా కథనెందుకు చంపుతావని. నేను ఎన్ని రిపోర్టులు రాసినా అటువంటి పర్యవేక్షణ సాధించలేకపోయాను.

వారం గడువు ముగిసే ముందురోజు పైపు మీద నడిచినవాడు మిశ్రాజీ. మర్నాడు ప్రభుత్వ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని ఆఫీసు నుంచి కబురొస్తే, ఫైలు చంకలో పెట్టుకుని తొందరలో అటువైపున్న ఆఫీసుకి గబగబా దాటేశాడు. మిల్లంతా చూసింది.

ఆ మధ్యాహ్నం షెడ్డులో చప్పుడు లేదు. అందరూ తలలు వంచుకుని తింటున్నారు. మిశ్రాజీ వచ్చి ఏమైందని అడిగాడు.

"ఆప్ పైప్ పర్ చఢే థే, సాబ్," అన్నాడు అప్పన్న, చావు కబురు చెప్పేవాడిలా. "ఆజ్ కహానీ బంద్." మీరు పైపెక్కారు, ఈవేళ కథ లేదని.

మిశ్రాజీ మొహం ఎర్రబడింది. ఈ రూలు పెట్టిందెవరని అరిచాడు. పైపు ఎక్కొద్దన్న నోటీసు కింద సంతకం మీదేనని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. సాయంత్రంలోగా ఆ మొసలిని దించెయ్యాలన్నాడు. రేపట్నుంచి కథ బంద్, సింహాచలం రాత్రి షిఫ్టు అన్నాడు.

రేకు దించాలంటే క్రేన్ కావాలి. సింహాచలాన్ని అడిగితే పైనుంచి చెయ్యి ఊపాడు. షిఫ్టు అయ్యేదాకా క్రేన్ ఖాళీ కాలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

మొసలి మీద విచారణ

ఇన్‌స్పెక్టరు సన్నగా, కళ్లద్దాలతో, ఎప్పుడూ నవ్వి ఎరగనట్టుండే మనిషి. గుంట దగ్గరికొచ్చి బొమ్మ ముందు ఆగాడు. చాలాసేపు చూశాడు. "యే మగర్‌మచ్ఛ్ క్యోఁ హై?" అన్నాడు. ఇక్కడ మొసలెందుకుందని.

అది నవల అట్ట మీదిదని చెబితే సరిపోయేది. ఇంగ్లీషు పత్రికలు తప్ప చదవనని చెప్పుకునే మిశ్రాజీకి తన మిల్లులో అట్టల బొమ్మలు వేలాడుతున్నాయని ఒప్పుకోవడం నామోషీ అయింది. గొంతు సవరించుకుని, "సర్, వానాకాలంలో ఖర్కాయి నది పొంగితే కాలవల్లోంచి రావచ్చునని... ముందుజాగ్రత్త," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. పక్కనున్న అప్పన్న వైపు తిరిగి, నువ్వు ఎప్పుడైనా చూశావా అని హిందీలో అడిగాడు.

అప్పన్న అబద్ధం ఆడే మనిషి కాదు. కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేసుకుని, "అభీ తక్ నహీఁ, సాబ్. బుల్‌బులే దిఖే హైఁ," అన్నాడు. ఇంకా లేదు, బుడగలు మాత్రం కనిపించాయని.

ఇన్‌స్పెక్టరు గుంట అంచు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. నల్లటి నీళ్లలోంచి ఆవిరి లేస్తోంది. పంపు వల్ల నిజంగానే ఒకటీ రెండూ బుడగలు వచ్చి పగిలాయి.

ఆయన నిలబడే రాశాడు. గుంటలోకి జంతువు ప్రవేశించవచ్చునని యాజమాన్యమే ఒప్పుకుంది గనక, వెంటనే పైన పలకలు పరిచి, చుట్టూ కంచె వెయ్యాలి. అది పూర్తయ్యేదాకా మిల్లు నడవకూడదు. మిశ్రాజీ ఇరుక్కున్నాడు. మొసలి లేదంటే అబద్ధమాడినట్టు, ఉందంటే మిల్లు ఆగినట్టు.

"ప్రస్తుతం మనుషుల్ని గుంట దగ్గరికి రాకుండా ఎలా ఆపుతున్నారు?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

మిశ్రాజీ నోరు తెరిచేలోగా నేనన్నాను: "రోజూ భోజనాల వేళ మా క్రేన్ ఆపరేటరు ఈ గుంట ప్రమాదం గురించి అందరికీ చెబుతున్నాడు, సర్. ఆ తర్వాత కార్మికులెవరూ పైపు ఎక్కలేదు." ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. కార్మికులెవరూ అన్నప్పుడు మిశ్రాజీ నన్ను చూశాడు.

"మంచి పద్ధతి," అని ఇన్‌స్పెక్టరు చివరి వాక్యం రాశాడు. భోజన సమయపు బోధన ఇదే వ్యక్తి చేత, ఇదే వేళలో కొనసాగించవలెను. మిశ్రాజీ దాని కింద సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున్న

మర్నాడు నేను గేటు దాటేసరికే వెల్డింగు మెరుపులు కనిపించాయి. ఇన్నాళ్లూ వస్తున్నాయన్న పలకలు స్టోర్లోంచే వచ్చాయి. మిశ్రాజీ స్వయంగా నిలబడి కంచె కడ్డీలు లాగి చూస్తున్నాడు. గుంట మీద చక్కటి నడకదారి పడింది, రెండు వైపులా నడుమెత్తు కంచె. సింహాచలం క్రేన్ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, కిందికి చూసి, నాకు దణ్ణం పెట్టి పైకి పోయాడు.

అప్పన్న కుంటుకుంటూ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఇంత పని ముందే సెయ్యొచ్చు గదా బాబూ. మన పేనాలకి సెయ్యనోల్లు మొసలికి సేసినారేటి?"

ఆ మాట పట్టుకుని నేను మిల్లంతా ఒక చుట్టు తిరిగాను. వెనకవైపు కన్వేయరు బెల్టుకి చేతులు పడకుండా కప్పే గార్డు లేదు. దాని గురించి కూడా రాస్తూనే ఉన్నాను. గేటు పాసు తీసుకుని పైడిరాజు దగ్గరికి వెళ్లి, పులిని వెయ్యగలవా అని అడిగాను.

అతను లారీ మీద సగం వేసిన సూర్యుణ్ణి వదిలేసి నిచ్చెన దిగాడు. "ఎయ్యకేటి బాబూ. ఎటేపు సూత్తా ఉండాల? మిసినీ వైపా, మేనేజరు గది వైపా?"